బోర్డు తుడిచింది నేనే

అమెరికాలోని ఫ్రిస్కోలో మా ఆదివారం తెలుగు తరగతి ఎందుకు మూతపడిందని అడిగినవాళ్ళందరికీ, పదేళ్ళ పాప ఒకతె బోర్డు తుడిచేయడం వల్లేనని చెబుతూ వచ్చాను. అబద్ధం. తుడిచింది నేను.

తరగతి ఒక బడిలో అద్దె గదిలో జరిగేది. మేం వెళ్ళేటప్పుడు గది మేం వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలన్నది బడివాళ్ళ షరతు. నాతోపాటు పాఠం చెప్పే ఆవిడ ఆ బాధ్యతంతా పిల్లలకే పంచింది. ఒకమ్మాయి రాగానే గదిని ఫోటో తీస్తుంది. చివర్లో మిగతావాళ్ళు ఆ ఫోటో చూసి బల్లలు సర్దుతారు. బోర్డు చూసుకోవడం ఆ పదేళ్ళ పాప పని. బడి టీచర్ చెరపవద్దని రాసిపెట్టిన సగం మీద చార్ట్ కప్పి, చుట్టూ టేపు వేసేది. ఆ టేపు ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. "గుణింతాలు రావు గానీ బల్లలు బాగా సర్దుతున్నారు. క్లీనింగ్ క్లాస్ అని పేరు పెట్టండి మేడమ్," అన్నాను పిల్లల ముందే.

"పనులు పంచినప్పటి నుంచే మానకుండా వస్తున్నారండీ. మీరు చూడలేదేమో."

చూశాను. నా పాఠం కోసం రావడం లేదనే నా కడుపుమంట.

ఒక ఆదివారం ఆవిడ రాలేదు. వత్తులు రాయడానికి చోటు చాలక చార్ట్ పీకి, కింద ఉన్నదంతా తుడిచేశాను. నీళ్ళ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి పాప చూసింది.

మర్నాడే బడి నుంచి ఈమెయిల్. మరోసారి ఇలా జరిగితే గది ఇవ్వరట. తర్వాతి ఆదివారం తల్లిదండ్రులంతా గదిలో చేరి, ఎవరిదా పని అని నిలదీశారు.

"బోర్డు డ్యూటీ పాపది. పిల్లల చేతిలో పెడితే ఇంతే," అన్నాను.

"నేను కాదు. యూ డిడ్ ఇట్, అంకుల్. ఐ సా యూ."

వాళ్ళ నాన్న ఆమె భుజం పట్టుకుని గుంజాడు. "పెద్దోళ్ళతోని గట్లనేనా మాట్లాడేది? ఫస్ట్ సారీ చెప్పు!"

నా తోటి టీచరావిడ నావైపే చూస్తోంది. "మీరు చెప్పండి."

"చిన్నపిల్ల, భయపడి ఏదో అంటోంది. వదిలేయండి," అన్నాను పెద్దమనిషిలా.

పాప నా బూట్ల వైపు చూస్తూ సారీ చెప్పింది. ఏడవలేదు. ఇకపై పిల్లలకు ఏ పనులూ ఉండవని అక్కడే ప్రకటించాను. ఆవిడ తన సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు పాఠం అయ్యాక బల్లలు జరపమంటే ఒక్కరూ కదల్లేదు.

"మా డ్యూటీ కాదు కదా అంకుల్," అంది ఫోటోలు తీసే అమ్మాయి. "మేం చేస్తే మళ్ళీ మమ్మల్నే అంటారు. యూ డూ ఇట్."

ఆ రోజు ఫోటో కూడా తీయలేదు. ఏ బల్ల ఎక్కడుండేదో తెలియక నాకు తోచినట్టు లాగి వచ్చేశాను. ఆ వారమే గది పోయింది.

అయిదేళ్ళ తర్వాత ఇండియన్ స్టోర్‌లో ఆ తండ్రీకూతుళ్ళు ఎదురయ్యారు. ఆయన ఎప్పటిలాగే, "అంకుల్‌కు హలో చెప్పు," అన్నాడు. ఆమె చెప్పలేదు. ఆయన మళ్ళీ గద్దించబోతుంటే ఆపి, ఆ బోర్డు తుడిచింది నేనని చెప్పాను.

ఆయన ముఖం నల్లబడింది. "నా బిడ్డతోని సారీ చెప్పించినవ్ కదన్నా," అన్నాడు.

"ఐ టోల్డ్ యూ, డాడ్," అంది ఆమె, నాతో కాదు, ఆయనతో. కార్ట్ తోసుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది.