ఊదువత్తి వంతు

మా చెరువు కింద మడులకు నీళ్లు పంచే నీరటి కినుయో. డెబ్భైకి రెండేళ్లు తక్కువ. మనిషి పిడికెడు, నోరు మాత్రం ఊరంత. వానలు సరిగ్గా పడిన ఏడు ఆవిడను పలకరించే దిక్కుండదు. చెరువు సగానికి దిగిందా, ఊరు ఊరంతా ఆవిడ గుమ్మంలోనే.

వంతు నీళ్లకు మా లెక్క ఊదువత్తే. తూము పక్కన చిప్పలో బూడిద పోసి వత్తి గుచ్చుతారు. అది కాలినంతసేపు నీళ్లు నీ మడికి, ఆరితే అవతలివాడికి. మడి పెద్దదైతే వత్తులు ఎక్కువ. మధ్యలో గడియారం చూసుకోవడం మర్యాద కాదు, నీరటిని దొంగ అన్నట్టే. ఐదు రోజులకు ఒక చుట్టు. రోజూ పొద్దు గుంకగానే తూము తలుపు దించేస్తారు, ఆరో రోజు తెల్లారితే వంతు మళ్లీ పై మడికి పోతుంది. నీరటి మడికి అందరి తర్వాతే నీళ్లు. మా తాతలు మనుషుల్ని బాగా ఎరిగినవాళ్లు.

ఆవిడకంటే ముందు వంతు నాది. నా పేరు తొకుజి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కింద పట్నంలో కొళాయిలు రోజుకు ఐదు గంటలే. ఉడోన్ నూడుల్స్ కొట్లవాళ్లు ఉడికించడానికి నీళ్లు లేక మధ్యాహ్నానికే తలుపులు మూస్తున్నారు. పట్నం నీళ్ల ఆఫీసు నుంచి యోకోయి అనే ఉద్యోగి వచ్చి, మా రైతు సంఘం ముందు చాపకు నుదురు ఆనించాడు. చెరువులో కొంచెం వాటా ఇప్పించమన్నాడు.

"మా వరికే దిక్కు లేదు, మీ స్నానాలకు కావాలా?" అన్నాను. అనకుండా ఉండలేను, నా గుణం అంత.

"స్నానం చేసి నాలుగు రోజులైందండీ. వాసన రావట్లేదూ?" అన్నాడతను.

అందరూ పగలబడి నవ్వారు. అంత నవ్వాక కాదనడం కష్టం. కినుయోనే తేల్చింది.

"పట్నం కూడా ఒక మడే అనుకుందాం. రోజుకో వత్తి. అంతకు మించి అడిగావో, నిన్నే చెరువులో ముంచుతా బాబూ!"

మర్నాడు యోకోయి పట్టుగుడ్డలో చుట్టిన పెట్టె తెచ్చాడు. తెరిస్తే ఊదువత్తులు! క్యోటో సరుకట. వాడకుండా పక్కన పెడితే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టు. పొడవు చూస్తే పాతవాటంతే ఉంది. కొత్త చుట్టు మొదలు కాగానే కినుయో వాటినే గుచ్చింది. కాలువ గట్టంతా పెద్ద గుడిలా ఘుమఘుమలాడిపోయింది.

ఐదో రోజు నా వంతు వచ్చింది, నాలుగు వత్తులు. బార్లీ టీ తాగుతూ గట్టున కూర్చున్నాను. మడి ఎన్నడూ లేనంత నిండింది. వత్తి ఇంకా కాలుతూనే ఉందేమిటా అనుకున్నాను. అనుకుని నోరు మూసుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

నా ఆఖరి వత్తి ఆరేసరికి పొద్దు గుంకింది. తలుపు దించేశారు. కినుయో మడికి చుక్క పడలేదు. ఆవిడ వరి సరిగ్గా పొట్ట మీద ఉంది. ఇంకో ఐదు రోజులు తడి లేకపోతే వెన్ను బయటికి రాదు, వచ్చినా తాలే.

"ఏంటక్కా, లెక్కెక్కడ తప్పింది?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"తప్పితే నాదే తప్పుద్ది. నువ్వెళ్లి అన్నం తిను," అంది. పెట్టె మూసి చంకన పెట్టుకుంది.

తెల్లారి అందరం తూము దగ్గర చేరాం. పై మడి మియోషి పార భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అంతలో యోకోయి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, వత్తికి నలభై నిమిషాలన్నారు. మా గొట్టం మీటరు ఐదు రోజులూ యాభై చూపిస్తోంది. ఈ వత్తులు నిదానంగా కాలేవి. చూసుకోకుండా తెచ్చాను, తప్పు నాది. ఇవాళ్టి వత్తి మాకొద్దు, మీ మడికి తిప్పుకోండి. కొళాయిలు ఇవాళ నాలుగు గంటలేనని పట్నంలో చెప్పేశాం."

కినుయో తూము రాతి మీద కూలబడింది. "ఐదు రోజులూ నేను తప్పు పంచానా?"

ఎవరి కాలివేళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. పరాయివాడు తన వాటా వదులుకుని నిజం చెప్పాడే, నేనేం చేస్తున్నానిక్కడ అనిపించింది.

"నాకు తెలుసక్కా," అన్నాను. "ఎక్కువసేపు కాలుతోందని చూస్తూనే ఉన్నా."

"మరి చెప్పలేదేం?"

"మడి నిండుతోంది కదాని."

"నాకూ తెలుసు," అన్నాడు మియోషి, పార దించుతూ.

"దొంగ వెధవల్లారా!" అంది కినుయో. ఆ తిట్టుతో నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ మడికి రావలసినవి నాలుగు వత్తులు. పట్నం ఇచ్చింది ఒకటి. మియోషి తన వంతులోంచి ఒకటి వదిలాడు. మొదలయ్యే చుట్టులో నా నాలుగింటిలోంచి రెండు ఇప్పుడే తీసుకోమన్నాను. ముందు ఆవిడ మడి తడిశాకే కొత్త చుట్టు అని అందరూ ఒప్పుకున్నారు. కినుయో ఇంటికెళ్లి, మొగుడి పటం ముందు వెలిగించే పాత వత్తులు తెచ్చి గుచ్చింది.

నేల బీటలు వారి ఉందేమో, నాలుగో వత్తి బూడిదయ్యేసరికి ఓ మూల ఇంకా పొడిగానే ఉంది. ఆవిడ లేచి తలుపు దగ్గరికి నడిచింది.

"ఇంకో పావుగంట వదిలితే ఎవరేమంటారక్కా?"

"నువ్వేమీ అనవులే. నిన్న కూడా అనలేదుగా."

నేను వెళ్లి, తలుపు దించడానికి ఆవిడతో పాటు చెయ్యి వేశాను.