గుడ్ల పెట్టెలో రెండో బల్బు

కడుపు పోయిన తర్వాత డాక్టరమ్మ నన్ను కొన్నాళ్లు బడికి వెళ్లవద్దంది. తూప్రాన్ నుంచి మా అమ్మ వచ్చి వారం ఉండి వెళ్లింది. ఆ తర్వాత పగలంతా ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తమ్మా. మా ఆయనకు మెదక్‌లోనే మోటార్లు బాగుచేసే షాపు ఉంది. పొద్దున వెళ్తే పొద్దుగూకాకే రావడం.

అత్తమ్మ మొదటినుంచీ తక్కువ మాట్లాడే మనిషి. వేళకు జావ తెచ్చి ఇచ్చేది, తాగేదాకా అక్కడే నిలబడేది, గ్లాసు తీసుకుని వెళ్లిపోయేది. జరిగినదాని గురించి ఒక్క మాట అడగలేదు. నామీద కోపమేమో అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే పెరట్లో గోల వినిపించింది. గంపలో పొదుగుతున్న కోడిని కుక్క ఎత్తుకుపోయింది. నేను వెళ్లేసరికి అత్తమ్మ నేలమీద కూర్చుని గుడ్లను కొంగులో చుట్టుకుంటోంది. పొదగాల్సిన రోజుల్లో అప్పటికే సగం గడిచిన గుడ్లు అవి.

“పానం పడ్డ గుడ్లు బిడ్డా, పారేయ మనసొస్తలేదు,” అంది. కొంగు ముడివేస్తూ, “నువ్వు పిల్లలకు సైన్స్ చెప్తవ్ గద. ఏమన్న చెయ్యొస్తదా?” అని అడిగింది.

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. లోపలికి వెళ్లి మళ్లీ పడుకోబుద్ధి కాలేదు. మందుల షాపు నుంచి థర్మాకోల్ పెట్టె ఒకటి తెప్పించాను. ఇప్పుడు దొరికే ఎల్ఈడీ బల్బులు పెద్దగా వేడెక్కవు కదా, మా ఆయన నాలుగు షాపులు తిరిగి పాతరకం ఫిలమెంట్ బల్బు, అరవై వాట్లది, పట్టుకొచ్చాడు. పెట్టెలో బల్బు బిగించి, గిన్నెలో నీళ్లు పెట్టి, పక్కన థర్మామీటర్ ఉంచాం. గుడ్లకు కావలసింది కొంచెం జ్వరం తగిలిన ఒంటికి ఉండేంత వేడి. మధ్యాహ్నానికి అంత వచ్చింది. అత్తమ్మ గుడ్లను ఒక్కొక్కటే అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

సాయంత్రం వీధిలో దీపాలు పడగానే బల్బు ఎర్రగా, నీరసంగా అయిపోయింది. మాది కరెంటు లైన్‌కు చివరి ఇల్లు. ఆ వేళకు వోల్టేజీ ఎప్పుడూ పడిపోతుంది. థర్మామీటర్ దిగిపోతుంటే అత్తమ్మ పాత దుప్పటి తెచ్చి పెట్టె మీద కప్పింది. కాలుతుందేమోనని నేను తీయించాను. బల్బు మీద అరవై అని రాసి ఉంది కదా, కాస్త వోల్టేజీ తగ్గితే ఏమవుతుందన్నాడు మా ఆయన. ఆ అరవై అన్నది వోల్టేజీ నిండుగా ఉన్నప్పటి సంగతి అని చెప్పి, షాపు నుంచి కరెంటు కొలిచే మీటరు తెమ్మన్నాను.

పగలు కొలిస్తే 230 వోల్టులు, 0.26 ఆంపియర్లు. రెండూ గుణిస్తే దాదాపు అరవై వాట్లు, బల్బు మీద రాసినట్టే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే బల్బు తీగ నిరోధం 885 ఓములు. సాయంత్రం వోల్టేజీ 170కి దిగింది. అదే నిరోధంతో లెక్కేస్తే కరెంటు 0.19 రావాలని పెట్టె మూత మీద పెన్నుతో రాసి చూశాను. మీటరు మాత్రం 0.22 చూపించింది. ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే నవ్వేశాను. వేడి తగ్గితే తీగ నిరోధం కూడా తగ్గుతుంది. ఇప్పుడది 773 ఓములే. క్లాసులో ఏటా చెప్పేదాన్ని నా ఇంట్లో నేనే మరిచిపోయాను. చాలా రోజుల తర్వాత నేను నవ్వడం చూసి అత్తమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

170ని 0.22తో గుణిస్తే ముప్పై ఏడు వాట్లు. ఇంకో ఇరవై మూడు కావాలి. నలభై వాట్ల బల్బు కూడా ఈ వోల్టేజీకి అదే లెక్కన తగ్గి, పాతిక దాకా ఇస్తుంది. దాన్ని మొదటి బల్బు పక్కనే వేరే స్విచ్‌తో కలిపాం. గంట గడిచేసరికి థర్మామీటర్ మళ్లీ మునుపటి చోటికి ఎక్కింది.

ఆ రోజు నుంచీ రెండో బల్బు బాధ్యత అత్తమ్మదే. మొదటి బల్బు వెలుగు ఎర్రబడితే వేసేది, తెల్లబడితే ఆర్పేది. పొద్దుగూకే వేళ ఇద్దరం పెట్టె పక్కనే చాప వేసుకుని కూర్చునేవాళ్లం. అలా ఒక సాయంత్రం, గుడ్లు తిప్పుతూ, నావైపు చూడకుండానే మాట్లాడింది.

“మావోడు పుట్టకముందు నాకొకటి పోయింది బిడ్డా. ఐదో నెల. మూడొద్దులకే నాట్లకు పోయిన. ఎవ్వరు ఏం అడగలే. నిన్ను అడుగుదమనే ఉంటది గని, ఎట్ల అడగాల్నో తెల్వలే.”

నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకోమని ఆమె అనలేదు. చెయ్యి తుడుచుకుని నా వీపు మీద వేసింది.

“ఏడ్వు. నేనీడనే ఉన్న,” అంది.

ఆ రోజు ఆమెకు అంతా చెప్పాను. దవాఖానాలో స్కానింగ్ గదిలో ఏమన్నారో, బిడ్డకు నేను మనసులో ఏ పేరు అనుకున్నానో, మా ఆయనకు కూడా చెప్పనివి చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారి లేచి బల్బు వేసి వచ్చింది, మళ్లీ నా పక్కనే కూర్చుంది.

పది రోజులకు, ఒక పొద్దున పూట, గుడ్లలోంచి పిల్లలు లేచాయి. ముందు ఒక గుడ్డు ముక్కుతో పొడిచినట్టు చిట్లింది, తర్వాత ఇంకోటి. సాయంత్రానికి ఏడు పిల్లలు తడి ఆరి, బల్బు కింద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మూడు గుడ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇంకో రెండు రోజులు చూద్దామంది అత్తమ్మ. చూశాం. ఆ తర్వాత నాకు కనబడకుండా వాటిని కొంగులో పెట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే, నేనూ వస్తానన్నాను. ఆమె ఆగి, నాకోసం చూసింది. జామచెట్టు పక్కన నేను మట్టి తీశాను, ఆమె వాటిని పెట్టింది. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి పెట్టెలో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. అత్తమ్మ నూకలు తేవడానికి వెళ్లింది. నేను వాటికి నీళ్లు మార్చాను.