దూదికే కేక

పెనుకొండ దగ్గర ఒక హైస్కూల్లో నాగభూషణం సారు జబ్బ మీద స్పిరిట్ దూదితో తుడిచాను. ఆయన పెట్టిన కేకకు అటెండరు నూటెనిమిదికి ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చేటప్పటికి సూది ఇంకా డబ్బాలోనే ఉంది.

సారు మా హెల్త్ సూపర్‌వైజరు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా బడిపిల్లలకు టీకాల గురించి చెప్పడం ఆయన ఉద్యోగం. సూదంటే వణకడం ఆయన అలవాటు. ఈ రెండూ ఒకే చొక్కాలో ఎట్లా ఇమిడాయో కనుక్కోవడానికి మా డిపార్ట్‌మెంటు ఒక కమిటీ వేసి, వేసిన సంగతి మరిచిపోయింది.

పాఠం మాత్రం బాగా చెబుతారు. "చెనిక్కాయ చేనికి కావలికుక్కను పెడతాం కదా. దానికి ముందే పంది వెంట్రుక వాసన చూపిస్తే, రేపు నిజం పందొచ్చినప్పుడు తడుముకోదు. టీకా అంటే ఆ వెంట్రుకే. పందిని మేం ఎక్కించం." తర్వాత ధనుర్వాతం, కంఠసర్పి అని రెండు పందుల పేర్లూ బోర్డు మీద రాసి, మొదట తనకే అని కుర్చీలో కూర్చుంటారు. బడికో సూది వేస్తే మనిషి మిగలడు కాబట్టి నేను దూదితో సరిపెడతాను. ఆయన మాత్రం కేకలో ఏ తగ్గింపూ ఇవ్వరు.

నష్టం నాకు. ధర్మవరం బస్టాండులో పిల్లలు నన్ను చూసి, "సారును సంపిన నర్సమ్మ" అంటూ తల్లుల కొంగుల్లో దూరుతున్నారు.

మొన్న హిందూపురంలో ఒక బడికి పోయాం. హెడ్మాస్టరు అశ్వత్థనారాయణగారు ధైర్యం మీద ఉపన్యాసమిచ్చి, చీమ కుట్టినట్టు ఉంటుందన్నారు.

"ఏ చీమ సార్, గండుచీమనా?" అంది ఒక గొంతు.

హెడ్మాస్టరుగారికి అర్జెంటు ఫోనొచ్చింది.

పదో తరగతి ఉషశ్రీ కబడ్డీ కెప్టెను. వెనకవాళ్ళందరినీ ముందుకు పంపుతూ వరుస చివరికి చేరింది. పెదవులు తెల్లబడ్డాయి. టీకా వేసుకున్న జట్టంతా గోడవారన నిలబడి చూస్తోంది. కెప్టెను ఏడిస్తే రేపటి నుంచి ఆ కూతకు ఎవరు భయపడతారు?

సారు ఆ పిల్ల దగ్గరికి పోయారు.

"పాపా, ఆ దూది చూస్తాంటే నాకు కళ్ళు తిరుగుతాండాయి. ఈ నర్సమ్మ మళ్ళా తుడుస్తాదంట. రోంత నా చెయ్యి పట్టుకో."

పట్టుకుంది. నేను ఆయన జబ్బకు దూది తగిలించాను. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. జట్టంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే ఉషశ్రీ రెండో చేతికి సూది వేసి తీసేశాను.

"ఏం సార్, ఇంత పిరికోళ్ళు?" అంది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. ఆ నీళ్ళు నవ్వువేనని జట్టు నమ్మింది.

బస్సులో చూశాను. సారు మణికట్టు మీద ఉషశ్రీ గోళ్ళు దిగినచోట నెత్తురు చెమర్చి ఉంది. స్పిరిట్ దూది అద్ది గట్టిగా నొక్కాను. ఆయన కిటికీలోంచి టమోటా తోటలు చూస్తున్నారు. కిక్కురుమనలేదు.

"ఇది బాగుంది సార్," అన్నాను. "ఉత్త దూదికి కేకలేసి ఊర్లల్లో నా పేరు చెడగొడితిరి."

"ఎవురో ఒగరు మొదుట ఏడవల్ల కదమ్మా."