నైరుతి మూల కాలువ

మా తమ్ముడు తాతాజీకి కాలు ఒకచోట నిలవదు. అన్నం తింటూ కూడా మధ్యలో లేచి ఫోను పట్టుకుని వాకిట్లో తిరిగేవాడు. పాలకొల్లు దగ్గర మా నాన్న ఇచ్చిన వరిచేలో మట్టి తోలించి, ప్లాట్లు వేసి అమ్మాడు. ఆ తర్వాత మొగల్తూరు దారిలో ఇంకొకటి. పచ్చటి చేను కనిపిస్తే చాలు, వాడి కంటికి రోడ్లూ కరెంటు స్తంభాలే కనిపించేవి. నేను అక్కను కాబట్టి తిట్టేదాన్ని. "ఎంత మెరక వేస్తావురా, ఆకాశం దాకానా?" అంటే, "కొనేవాళ్ళు వాస్తు చూసుకుంటారక్కా" అనేవాడు.

ఆ వాస్తే కొంప ముంచింది. నైరుతి ఎత్తుగా ఉండాలి, నీళ్ళు ఈశాన్యానికి పోవాలి. శాస్త్రం అలాగే చెప్పింది, కాదనను. కానీ మా ఊళ్ళో నేల వాలు దక్షిణానికి, సముద్రం వైపు. పాత మురుగుబోదె మా చేలోంచి వచ్చి నైరుతి మూల నుంచే బయటికి పోయేది. మా వాడు దాన్ని పూడ్చేసి, ఆ మూలన సొంత మేడ కట్టుకున్నాడు. ఈశాన్యాన ఉన్నది లూథరన్ చర్చి వాళ్ళ సమాధుల తోట. వాన నీళ్ళన్నీ శాస్త్రప్రకారం అక్కడికే చేరాయి.

నిరుడు శ్రావణంలో బుల్లియ్య పోయాడు. జీవితమంతా మా చేలో పనిచేసిన మనిషి. అతని భార్య సువార్తమ్మ ఊడ్పులకు వచ్చినప్పుడు, ఏడుస్తున్న పసి తాతాజీని చంకనేసుకుని గట్ల మీద తిప్పేది. పూలదండ పట్టుకుని మేమిద్దరం వెళ్ళాం. గొయ్యి నిండా నీళ్ళు. బకెట్లతో తోడుతుంటే అడుగు నుంచి ఊరుతూనే ఉన్నాయి. పెట్టె దించితే తేలింది. పాస్టరు విజయ్ పాల్ గారు ప్రార్థన మధ్యలో ఆపేశారు. చివరికి పెట్టె మీద రాళ్ళు పెట్టి ముంచారు. సువార్తమ్మ ఏడవలేదు, మా వాడి వంక చూసింది. ఛీ, ఆ చూపు పగవాడికి కూడా వద్దు.

ఆ రోజు నుంచి వాడు దానాలు మొదలుపెట్టాడు. సువార్తమ్మ వాళ్ళ పేటలో మంచినీళ్ళ ప్లాంటు, బడికి బెంచీలు, చర్చికి మైకుసెట్టు. ఒకటి పూర్తికాకముందే ఇంకొకటి. జనం శాలువాలు కప్పారు. శాలువా భుజాన ఉండగానే "ఇంకేం కావాలండి, చెప్పండి" అని అడిగేవాడు. అసలు అడగాల్సిన చోట మాత్రం అడగడు, పిరికి వెధవ!

ఈ వేసవిలో సువార్తమ్మ మంచం పట్టింది. వాడు పరుగున వెళ్ళాడు, వెనకే నేనూ.

"నీ పేరున ప్రార్థన హాలు కట్టిస్తాను సువార్తమ్మా" అన్నాడు.

"హాలు నాకెందుకు బాబూ? రేపు నన్ను మా ఆయన పక్కన పెడతారు. వానల్లో పోతే నా మీద కూడా రాళ్ళెడతారా?"

"టౌన్లో మెరక మీద చోటు ఇప్పిస్తాను."

"ఆయన్ని నీళ్ళలో ఒదిలేసి నేను మెరకెక్కనా? ఊరుకోండి బాబూ."

ఇంటికి రాగానే వాడు మట్టి తవ్వే పొక్లెయిన్ మాట్లాడాడు. సమాధుల తోట నుంచి ప్లాట్ల రోడ్డు పక్కగా పాత బోదె మళ్ళీ తవ్వాలంటే మేడ ముందు ప్రహరీ, పోర్టికో పోవాలి. మా మరదలు సూర్యకళ గేటుకు అడ్డం నిలబడింది.

"నైరుతిలో గొయ్యి తవ్వితే ఇంటి యజమానికి గండమండి! మీకేమైనా అయితే?"

"అయితే అయింది. నన్ను కాలుస్తారు. నాకు నీళ్ళ బాధ లేదు" అన్నాడు.

వాస్తును వెక్కిరించిన నాకూ భయమేసింది. అయినా సూర్యకళ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది నేనే. గండం మాట ఊరంతా పాకింది, పేటకూ చేరింది.

ఆషాఢంలో ముసురు పట్టింది. వాడు గొడుగైనా లేకుండా బోదె గట్టుకీ సమాధుల తోటకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. వాన వెలిసిన పొద్దున సువార్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోయించుకొచ్చాడు. ఆమె బుల్లియ్య సమాధి పక్కన చేతికర్ర గుచ్చింది. పైకి తీసి కొస తడిమి చూసింది. తడి ఉంది గానీ నీరు లేదు. అప్పుడు ఏడ్చింది, ఏడాదిగా ఆపుకున్నదంతా.

మా వాడు చేతులు నలుపుకుంటూ, "ఇప్పుడు బాగుందా సువార్తమ్మా?" అన్నాడు.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఒక్క ముసురుకే ఏం తెలుస్తాది బాబూ? కార్తీకం తుపాను కూడా చూడాలి. అందాకా నేను పోను. మీరూ పోకండి."