పడుకున్న పొయ్యి

ఆ క్యాంటీన్ వంటావిడకు అబద్ధమాడటం చేతకాదు. కూరలో ఉప్పెక్కువైతే ఎవరూ అనకముందే తనే ఒప్పేసుకుంటుంది. అలాంటి మనిషి నాలుగు రోజులుగా పొద్దున్నే మరిది అడగడమే ఆలస్యం, "మంట భేషుగ్గా ఉంది" అంటోంది. మంటా, పాడా! పాలు పొంగడానికే గంట పడుతోంది.

పెరట్లో భూమిలోకి కట్టిన తొట్టి ఉంది. తినగా మిగిలింది, కూరగాయల తొక్కలు, కాఫీ దుకాణాల నుంచి బస్తాల్లో వచ్చే పిప్పి, అన్నీ అందులోకే. లోపల కుళ్లి గ్యాసవుతుంది, గొట్టంలోంచి ఈవిడ పొయ్యికి వస్తుంది. పిప్పి ఒక్కసారే ఎక్కువ పడితే మాత్రం తొట్టి పులిసిపోయి గ్యాసు ఆగిపోతుంది. దాన్నే అక్కడివాళ్లు "పొయ్యి పడుకుంది" అంటారు. లేపాలంటే మూత తీసి కర్రతో కలపాలి, ఒక్కోసారి లోపలికే దిగాలి. మరిది చేసిన నిర్వాకం అదే. బస్తాలు పేరుకుపోయాయని అన్నీ ఒకేరోజు కుమ్మరించాడు.

మూడేళ్ల క్రితం ఆ తొట్టి పని ఆమె భర్తది. ఒకరోజు మంట తగ్గితే కిటికీలోంచి కేకేసింది: "పొయ్యి పడుకుంది, వెళ్లి లేపవయ్యా!" కాసేపటికి ఆయన్ని తొట్టిలోంచి శవంగా తీశారు. లోపలి విషపు గాలి క్షణంలో పడేసిందట. అప్పట్నుంచీ గొట్టం గుడగుడమన్నప్పుడల్లా ఆయన గొంతు సవరించుకున్నట్టే వినిపిస్తుంది. గరిటె ఆపేసి నిలబడిపోతుంది, పిచ్చిది. ఇప్పుడు మంట లేదంటే మరిదీ దిగుతాడని ఆమె హడలు.

అయిదో రోజు పొయ్యి అసలు వెలగలేదు. మరిది వంటగదిలోకే వచ్చి చూశాడు.

"పడుకుంది కదా వదినా?"

"నువ్వు గానీ తొట్టిలో దిగావంటే నా మీద ఒట్టే! మీ అన్నయ్యను మింగింది నా నోరే. నిన్ను కూడా మింగమంటావా?"

మరిది గోడకు చేరగిలబడ్డాడు. "నీ కేక అన్నయ్య వినలేదు వదినా. అప్పటికే లోపలున్నాడు. కలిపే కర్ర నా చేతిలోంచి జారి తొట్టిలో పడింది. నేను తీస్తానంటే పక్కకు నెట్టి తను దిగాడు."

"మూడేళ్లయ్యా," అంది ఆమె. "మూడేళ్లు నా చేతి అన్నం తింటూ..."

"చెబితే నా మొహం చూడవని భయపడ్డా."

ఆమె తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. పైనుంచే తొట్టి తోడేసే బండికి ఫోన్ చేయమంది. అతను మాట్లాడుతుంటే వెళ్లి పెరటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బండి వచ్చేదాకా లేవలేదు.