సువార్తమ్మ అత్త వదులుకున్న రేవుపాటివాళ్ళు

కాస్త ఇటు జరిగి, నా పక్కన చాప మీద కూర్చోండి. బందరు నుంచి వచ్చిన ఉప్పుచేపల బుట్ట ఇప్పుడే మా వీధిలో దిగింది. ఆ వాసన తగలగానే సువార్తమ్మ అత్త గుర్తొస్తుంది. ఆమెతో పాటు ఆ ఆదివారం కూడా.

అత్త తిరువూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. చదువు మానేసిన నన్ను తన కింద పనిలో పెట్టుకుని, అన్నం వార్చడం దగ్గర్నుంచి నలుగురిలో మాట్లాడడం దాకా నేర్పింది. మాకు రక్తసంబంధం లేదు. ఆమె పుట్టిల్లు బందరు, పుట్టింటి పేరు రేవుపాటి. మా ఇంటిపేరూ అదే. మా తాత కొన్నాళ్ళు బందరులో పనిచేసి వచ్చినవాడు కాబట్టి మా నాన్నను తమ్ముడిని చేసుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, బందరులో పేరు మోసిన రేవుపాటివాళ్ళందరి కథలూ చెప్పేది. రంగూను దాకా ఓడ నడిపిన సరంగు, ఉప్పెనలో పడవ మీద తిరిగి వైద్యం చేసిన డాక్టరు, అద్దకం బట్టలను సముద్రం దాటించిన షావుకారు.

“అందరూ మనోళ్ళేనే! ఇంకోసారి తల దించుకుని నడిచావో, గరిటెతో కొడతా” అనేది.

ఒకసారి హాస్టల్లో మోటారు పాడైతే బాగుచేయడానికి ప్రభుదాసు వచ్చాడు. బందరు కుర్రాడు. తర్వాత కూడా ఏదో వంకతో వస్తూనే ఉన్నాడు. ఇంటిపేరు అడిగే వేళకి నేను అప్పటికే మనసిచ్చేశాను. అతనూ రేవుపాటే, పైగా ఆ సరంగుకు మునిమనవడు! చర్చికి వెళ్ళేవాళ్ళమైనా, ఒకే ఇంటిపేరు వాళ్ళకు పెళ్ళి కూడదన్న పట్టింపు మాలో పోలేదు. నాన్న తల బాదుకున్నాడు.

“సరంగు మనోడేనని అక్క ఎన్నిసార్లు చెప్పలేదూ? వాడు నీకు అన్న అవుతాడే!”

చివరకు పాస్టరుగారు అన్నారు: “ఆదివారం సువార్తమ్మగారినే అడుగుదాం. ఒకటే వంశమని ఆవిడంటే ఇక్కడితో ఆపేద్దాం.”

భర్త పోయి, పిల్లలు లేని అత్తకు చెప్పుకోవడానికి ఉన్నవి ఆ పేర్లే. వాటిని నలుగురి ముందు కాదంటుందా? ఆ వారమంతా ఆమెను నేను అడగలేదు. ఆమె కూడా ఆ ఊసెత్తలేదు. “కూరలో రెండుసార్లు ఉప్పేశావు, మతెక్కడుందే?” అని మాత్రం తిట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు, సంఘపెద్దలు, నాన్న, అత్త మా వరండాలో కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

“సరంగుగారు మీ వాళ్ళేనా అమ్మా?” పాస్టరుగారు అడిగారు.

అత్త చెంగుతో ముఖం తుడుచుకుంది.

“కాదండి. రేవులో పనిచేసినోళ్ళకి, సరంగు దగ్గర్నుంచి హమాలీ దాకా, అందరికీ ఆ పేరే పడింది. తలా ఒక ఊరి నుంచి వచ్చినోళ్ళు. ఈ తమ్ముడి తండ్రి ఇక్కడి వినగడప ఊరి నుంచి వెళ్ళి మా నాన్న పక్కనే మూటలు మోశాడు. వచ్చేటప్పుడు ఆ పేరు తెచ్చుకున్నాడు. సరంగుగారి గడప మేమెవరం ఎక్కలేదు.”

“మరి డాక్టరు?”

“ఆయనా కాదు. షావుకారూ కాదు.”

“అయితే హాస్టల్ వంటింట్లోంచి ఓడ వెళ్ళిపోయినట్టే!” అని ఒక సంఘపెద్ద నవ్వాడు. అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, కానీ పట్టుకున్న కుర్చీ చేతిని మాత్రం వదల్లేదు.

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పావక్కా?” అన్నాడు నాన్న.

“గరిటె పట్టి బతికినదాన్ని తమ్ముడూ. గొప్పగా చెప్పుకోటానికి నాకింకేముంది? పిల్లకి పెళ్ళి చెయ్యి.”

మా పెళ్ళయింది. ఆ తర్వాత హాస్టల్ పిల్లలు ఎంత బతిమాలినా అత్త ఆ కథలు చెప్పలేదు. “ఎవరివో కథలు మనకెందుకే” అని చేట మీదికి వంగిపోయేది. ఆమె పోయి చాలాకాలమైంది. ఎవరైనా నా మాట కోసం ఎదురుచూస్తే, ఆ మాట మీద ఎవరి బతుకు వేలాడుతోందో ముందు చూసుకుంటాను. మా పిల్లలకు బందరు గొప్పవాళ్ళ పేర్లు నేనే చెబుతాను. చివర ఒక పేరు కలుపుతాను: రేవుపాటి సువార్తమ్మ, తిరువూరు హాస్టల్లో వండింది, ఈవిడ మాత్రం మన మనిషే.

మీ ఇంట అన్నం కుండ నిండుగా ఉండాలి. మీ పిల్లల కోసం తన గొప్పను పక్కన పెట్టగలిగే మనిషి ఒకరైనా మీ గడపలో చల్లగా ఉండాలి.