పిడి లేని పదకొండు కప్పులు

వీధిలో అందరూ ఆమెను పిడులావిడ అనేవారు. భర్త కప్పులాయన. ఆయన సారె మీద మట్టి కప్పు తీస్తే, ఆమె దానికి పిడి అతికేది. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆ వీధిలో ఏ వంటింట్లోకి తొంగిచూసినా వాళ్ళ కప్పు ఒకటైనా కనిపించేది. అంచు విరిగినా పారేయడానికి మనసొప్పక, అందులో ఉప్పు పోసుకునేవాళ్ళు కొందరు, చెంచాలు నిలబెట్టుకునేవాళ్ళు కొందరు. ఎవరింటికి వెళ్ళినా ఈవిడ చూపు ముందు పిడి మీదకే పోయేది, ఊడలేదు కదా అని. ఆ ఇంటివాళ్ళ బాగోగులు తర్వాత.

పిడి అతకడానికి ఒక అదను ఉంది. కప్పు మీద గోరు దిగాలి, వేలు పెట్టి నొక్కితే మాత్రం అణగకూడదు. అదను దాటి ఎండిపోయిందా, ఇక అంతే సంగతులు. తడి పిడి ఆరుతూ ముడుచుకుంటుంది, ఎండిన కప్పు ముడుచుకోదు, అతుకు విడిపోతుంది.

ఆ రోజు పొద్దున ఆయన పన్నెండు కప్పులు తీసి బల్ల మీద పెట్టాడు.

"సాయంత్రానికి అదనుకొస్తాయి, చూసుకో."

"అదీ నువ్వే చెప్పాలా నాకు?" అని విసుక్కుంది.

మధ్యాహ్నం ఆయన గుండె పట్టుకుని సారె పక్కనే ఒరిగిపోయాడు.

తర్వాత ఇంటినిండా వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. కప్పుల మీద తడి గోనె కప్పాలన్న సంగతే ఆమెకు తట్టలేదు. తొమ్మిదో రోజు పనిగదిలోకి వెళ్ళేసరికి పన్నెండూ తెల్లబారిపోయి ఉన్నాయి. గోరు దిగలేదు. ఆయన ఆఖరి పనిని తన చేతులారా పాడు చేసుకున్నానని అక్కడే చతికిలబడింది. ఆయన పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

తోడుగా ఉండిపోయిన ఆడపడుచు లోపలికి వచ్చింది.

"ఇంకా కాల్చలేదుగా వదినా! నీళ్ళలో వేస్తే మళ్ళీ మట్టయిపోతుంది. మట్టి వృథా చేస్తే అన్నయ్య ఊరుకునేవాడా?"

అందులో అబద్ధమేమీ లేదు. గుప్పెడు మట్టి కింద పడితే ఇల్లు పీకి పందిరేసే మనిషి ఆయన. ఆమె ఒక కప్పు తీసి తొట్టిలో వేసింది. బుడగలొచ్చాయి. అంచు జారిపోయింది. లోపల చుట్టూ తిరిగిన ఆయన వేలి గీతలు ఒక్కొక్కటే విడిపోతుంటే గబుక్కున చెయ్యి పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి బురద కారిపోయింది.

"చాలు," అంది. "మిగతావి ఇలాగే కాలుస్తా."

"పిడి లేని కప్పు ఎవరు కొంటారు వదినా?"

"కొనమని ఎవర్ని అడిగాను?"

ఆవంలో పెట్టి కాల్చింది. పదకొండూ ఎర్రగా, బోడిగా బయటికొచ్చాయి. మర్నాడు పొద్దున ఆడపడుచు ఒకదాన్లో వేడివేడి టీ పోసి ఆమె ముందు పెట్టింది. అలవాటుగా పిడి కోసం పోయిన వేళ్ళు గాలినే పట్టుకున్నాయి.

ఇన్నేళ్ళూ ఆయన చేసిన కప్పుల్ని ఆమె తన పిడితోనే ఎత్తింది. ఆయన చెయ్యి ఆడిన చోట, తాగేటప్పుడు ఎన్నడూ చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడు రెండు అరచేతులతో కప్పును చుట్టూ పట్టుకుంది.

"చెయ్యి కాలుతుంది, దించు వదినా!"

"కాలనీ," అంది పిడులావిడ. "ఇంకాసేపట్లో ఇదీ చల్లారిపోతుంది."